ఉన్న యూరిలోనే యుల్లాసము

మనుష్యుడు సంతోషము నపేక్షించుట సహజము. కాని యది యెచ్చట దొరకునను విషయమున మనలో ననేకులకు దూరదృష్టియే కాని సమీపదృష్టి లేదు. వేసవి సెలవులు రాగానే ఊటీ, కొడైకెనాలు మొదలగు పేర్లు ఇండ్లలో వినబడును. సొమ్ము కూడినవారు పోయి వత్తురు. కూడనివారు చిన్నబోయి కూర్చుందురు. ఈ యిరుదెగలవారికిని తమ యూరు మాత్రము కంటబడదు. విశాఖపట్టణమున పుట్టి, పదవ తరగతి ముగించి, తొట్లకొండ నెక్కని బాలురు కలరు. సముద్రమునకు అరమైలు దూరమున కాపురముండి, ఆ యిసుకలోనే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టునని యెరుగని పెద్దలు కలరు. వారిని నిందించుట నా యుద్దేశము కాదు. చూపువారు లేనిచో ఎవరైనను ఎట్లు చూతురు?

ఆనందమను మాటకు మన శాస్త్రములలో గొప్ప యర్థములు కలవు. వాని జోలికి పోను. ఇచ్చట చెప్పబోవునది మిక్కిలి చిన్న సంగతి. దినమునకు ఒక అరగంట కన్నును చేయియు కలిసి పనిచేసినచో మనస్సునకు ఒక తేట కలుగును. బొమ్మ గీచినను, మొక్క పెంచినను, ఊరిచుట్టు నడచి చూచినను కలుగునది ఆ తేటయే. వీనికి ధన మంతగా నక్కరలేదు; శ్రద్ధ యక్కర. ధనముకంటె శ్రద్ధయే మన నగరమున నరుదైనదని నా యభిప్రాయము.

మన నగరము పనివాండ్ర నగరము. 1933వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన విల్లింగ్డన్ ప్రభువు ఓడరేవును ప్రారంభించెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును ఓడల కెక్కించుట ఆ రేవుయొక్క ముఖ్యప్రయోజనములలో నొకటి. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1992 ఆగష్టు 1వ తేదీన అది జాతికి అంకితమయ్యెను. నేడు మన యిండ్లలో పెక్కింటికి గడియారము పాళీయే. తండ్రి రాత్రిపాళీ ముగించుకొని వచ్చునప్పటికి పిల్లలు బడికి పోయియుందురు; పిల్లలు ట్యూషను ముగించుకొని వచ్చునప్పటికి తండ్రి మరల పాళీకి బయలుదేరును. రేవు దగ్గరి వీధులలో బొగ్గుపొడియు ఖనిజపు ధూళియు కిటికీలపై పేరుకొనును. ఇట్టి యూరిలో ఉల్లాసము మాట యెత్తుట కొందరికి వింతగా తోచవచ్చును. తీరికగలవారు ఉల్లాసమును తామే వెదకికొనగలరు; తీరిక లేనివారికే దాని జాడ యెవరైనను చెప్పవలసియుండును.

పరీక్షలు తరుముకొని వచ్చుచుండగా బొమ్మలేమి, మొక్కలేమి యని తల్లిదండ్రు లడుగుట కద్దు. ఆ ప్రశ్నలో ప్రేమయు నున్నది, భయమును నున్నది. కావున నవ్వి త్రోసివేయదగినది కాదు. అయినను ఒక మాట. దినమునకు పండ్రెండు గంటలు పుస్తకము ముందు కూర్చుండబెట్టబడిన బాలుడు పండ్రెండు గంటలును చదివెనని యెవరును ప్రమాణము చేయలేరు. కన్ను అక్షరముమీద నుండును. మనస్సు వీధిలో నుండును. పనిలో మనస్సు నిలుపుట యొక యలవాటు. ఆ యలవాటు పాఠ్యపుస్తకమువద్దనే పట్టుబడవలెనని నియమము లేదు.

ఇందుకు మన దేశముననే యొక నిదర్శనము కలదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు. తన చుట్టు చేరిన బాలురలో చిత్రకళాభిరుచి గలవారిని గుర్తించి ప్రోత్సహించెను. వారిలో దామెర్ల రామారావు ఒకడు. 1897లో జన్మించిన యీ రామారావు బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చదివి, పట్టణములలో పేరు సంపాదింపగలిగియు స్వస్థలమునకే మరలివచ్చి, తాను నేర్చిన విద్యను ఇతరులకు నేర్పుచు, 1925లో, ముప్పదియేండ్లయినను నిండకమునుపే గతించెను. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. ఆ గురువు ప్రోత్సాహమును పొందిన మరియొకడు అడివి బాపిరాజు. ఆయన న్యాయవాది యయ్యెను, బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షుడయ్యెను, పత్రికాసంపాదకుడయ్యెను, నవలలు వ్రాసెను; బొమ్మలు వేయుట మాత్రము మానలేదు. కుంచె పట్టినందువలన ఆయన చదువు చెడలేదు. అందరును రామారావులును బాపిరాజులును కావలెనని కోరుట లేదు. అసలు చిత్రము బాగుగా రావలెనను పట్టుదలయే మొదటి యుల్లాసమును చంపును. బాగుగా వచ్చినది గోడకు, రానిది అటకకు. గీచుచున్నంతసేపు కలిగిన సుఖము రెంటికిని సమానమే.

ఎచ్చట గీయవలెను? ఫోను తెరమీది బొమ్మను చూచి దించుట గీచుట కాదు. అది నకలు వ్రాత. మన చేపలరేవునకు పొండు. ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదని ప్రభుత్వ నిషేధము కలదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఈ నియమ మేర్పడినది. ఆ దినములలో పడవలన్నియు ప్రక్కప్రక్కల కట్టబడి నిలుచును. జాలరులు వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగులు వేసికొందురు. కదలని పడవకంటె ఓపికగల గురువు దొరకడు. మీ వేసవి సెలవులును సరిగా ఆ దినములలోనే వచ్చును. మొదటి దినమున ఎల్లరును గీచునది చందమామ ముక్కవంటి పడవ. అది వాచకములోని పడవ, రేవులోనిది కాదు. రెండవ దినమున పడవ ముక్కు ఎంత పైకి లేచియున్నదో కంటికి తెలియును. మూడవ దినమున నీటిమీద పడవ నీడ పడవరంగులో లేదనియు, నీటిరంగు అందులో కలిసియున్నదనియు తెలియును. చూచుట యనునది గీచుటకు కూర్చున్న తరువాతనే మొదలగునని అప్పుడు బోధపడును. ఒక్క మర్యాద మాత్రము మరువరాదు. వేటలేని దినములు జాలరులకు వినోదదినములు కావు. రాబడి లేని దినములు. వారి పడవప్రక్కను కూర్చుండుటకు ముందు "అన్నా, ఇక్కడ కూర్చుని బొమ్మ గీసుకోనా?" యని యడుగవలెను. వలదన్నవారిని నే నింతవరకు చూడలేదు.

పాతపట్టణపు ప్రక్క, రేవు ముఖద్వారమునకు ఎదురుగా మూడు కొండలు వరుసగా నున్నవి. ఒకదానిమీద మరియమ్మ గుడి, మరియొకదానిమీద దర్గా, వేరొకదానిమీద వేంకటేశ్వరుని కోవెల. ఆవలి యొడ్డున డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్ము సముద్రములోనికి చొచ్చుకొనిపోయి రేవును గాలినుండి కాపాడుచున్నది. దగ్గరిది పెద్దదిగను దూరమైనది చిన్నదిగను కనబడుట యను దృశ్యసూత్రమును అభ్యసించుటకు ఇంతకంటె మంచి పాఠము నేనెరుగను.

చేతిపనియొక్క యానందము ఎంతవరకు పోగలదో తెలియవలెనన్న ఒక ఆదివారము ఏటికొప్పాకకు పోవలెను. అది యలమంచిలికి సమీపమున, వరాహనది యొడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో నున్న గ్రామము. అచ్చటివారు అంకుడుకర్రతో బొమ్మలు చేయుదురు. అంకుడుకర్ర తేలికయైనది, మెత్తనిది. ఉలికి సులభముగా లొంగును. కర్రముక్కను తరిమెనకు బిగించి త్రిప్పుచు ఉలి యానించినచో క్షణములో బొంగరమో, కుంకుమభరిణెయో రూపు కట్టును. వింత అంతటితో నయిపోదు. రంగు కలిపిన లక్కకణికను తిరుగుచున్న కర్రకు అదిమిపట్టుదురు. రాపిడివలన వేడి పుట్టి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో ఒత్తినచో అద్దమువలె నిగనిగలాడును. కుంచె లేదు, నూనెరంగు లేదు. రాపిడి వేడియే రంగులవాడు.

ఆ రంగుల కథ వినదగినది. పసుపునుండి పచ్చనివన్నె, జాఫరాగింజలనుండి నారింజవన్నె, నీలిమొక్కనుండి నీలవర్ణము. నీలిని పసుపుతో కలిపిన ఆకుపచ్చ. మధ్యకాలమున రసాయనపు రంగులు వచ్చి, చవుకగా దొరకుటచే ఈ పద్ధతి వెనుకబడెను. రసాయనపు రంగులు పూసిన బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొనరాదు. పసిబిడ్డ నోట పెట్టుకొనని బొమ్మ లోకములో లేదు! ఆ గ్రామమువారే యైన చింతలపాటి వెంకటపతిరాజుగారు చెట్లనుండియు గింజలనుండియు రంగులు తీయు పద్ధతిని మరల వాడుకలోనికి తెచ్చుటకై యనేక సంవత్సరములు కృషిచేసిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము ప్రకటింపబడెను. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముపై ఈ బొమ్మలే ఊరేగెను. కాని శకటము వెళ్ళిపోయినపిమ్మట మిగులు ప్రశ్న యొకటి కలదు. అంకుడుచెట్లు నరుకుచుండగా నాటువా రెవరు? బొమ్మ కావలెనన్న ముందు చెట్టు కావలెను. చేతిపని మనలను తోటపనిలోనికి తీసికొనిపోవుట ఇట్లే.

తోట యనగానే "మాకు పెరడేదీ?" యను మాట వినబడును. నిజమే, మనలో ననేకులు అంతస్తుల మేడలలో నున్నారు. అయినను పాత రంగుడబ్బాలు, చిల్లుపడిన బాల్చీలు, సిమెంటు సంచులు ఏ యింటను లేవు? అడుగున రెండు మూడు రంధ్రములు చేసి, ఎఱ్ఱమట్టి, ఇసుక, మాగిన పశువుల యెరువు కలిపి నింపినచో తోటకూర నెలదినములలో కోతకు వచ్చును. బియ్యము కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు దానికి చాలును. సముద్రమునకు ఎదురుగానున్న మేడలలో ఉప్పుగాలి లేతయాకుల కొనలను మాడ్చును. అట్టిచోట పిట్టగోడ చాటున కుండీల నుంచవలెను. లేదా ఒక పాతచీరను తెరవలె కట్టవలెను. మృగశిరకార్తెలో తొలివానలు పడగానే తీగెగింజలు నాటుట మన పెద్దల వాడుక.

తీగెలలో ఆనపను గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. (కృష్ణా, గుంటూరు జిల్లాలవారు దీనినే సొరకాయ యందురు.) తీగె పందిరికెక్కి పూయనారంభించిన తరువాత మేడమీది తోటవా రందరును ఒకే ఫిర్యాదు చేయుదురు: "పూవులు పూయుచున్నవి, కాయలు నిలుచుట లేదు." కారణ మిది. ఆనపకు మగపూవులు వేరు, ఆడుపూవులు వేరు. ముందుగా మగపూవులే పూయును. కొన్నాళ్ళకు ఆడుపూవు వచ్చును. దాని రేకుల క్రింద నూగుతో కూడిన చిన్న పిందె యుండును, మగపూవునకు ఉత్తకాడ మాత్రమే. తెల్లని యీ పూవులు సూర్యాస్తమయ వేళకు విచ్చును. రాత్రి తిరుగు రెక్కలపురుగులు ఒకదాని పుప్పొడిని మరియొకదానికి చేర్చును. నాలుగవ అంతస్తువరకు ఆ పురుగులు రాకపోవచ్చును. రానప్పుడు పిందె పసుపుబారి రాలిపోవును. ఆ పని మీరే చేయవచ్చును. చీకటిపడు వేళ నొక మగపూవును కోసి, రేకులు విఱిచి, నడుమనున్న పుప్పొడికాడను ఆడుపూవు నడిమిభాగమునకు మెల్లగా తాకింపవలెను. నాలుగైదు దినములలో పిందె లావెక్కుట కనబడినచో మీ పని ఫలించినట్లే. బీరపూవును సాయంకాలమే విచ్చును. దానికిని ఇదే పద్ధతి. జీవశాస్త్రపుస్తకములో పరాగసంపర్కమను పాఠమును కంఠస్థము చేసిన విద్యార్థి ఈ పని యొక్కసారి చేసెనేని ఆ పాఠమును మరల చదువనక్కరలేదు. పదోన్నతి వచ్చిన యుద్యోగి ముఖమున కనబడని వెలుగును, తాను నిలిపిన ఆనపకాయను చూపించు పిల్లవాని ముఖమున నేను చూచితిని.

అయితే తోటపని యందు దుఃఖము లేదని చెప్పరాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమున హుద్‌హుద్ అను తుపాను మన నగరముమీదనే తీరమును దాటెను. గంటకు 180 కిలోమీటర్లకు తగ్గని గాలి వీచెను. సాయంకాలమునకు కైలాసగిరి, విశ్వవిద్యాలయ ప్రాంగణము, జంతుప్రదర్శనశాల, కంబాలకొండ యడవి, వీధులలోని నీడచెట్లు అన్నియు రూపుమాసెను. వేలకొలది చెట్లు వేళ్ళతోసహా పెల్లగిలెను. నిలిచినవానికి ఆకు లేదు. పచ్చని కొండలు మంటలో కాలినట్లు గోధుమవన్నెకు తిరిగెను. నేడు పై తరగతులలోనున్న విద్యార్థు లప్పుడు పసివారు. వారి తల్లిదండ్రుల నడిగినచో చెప్పుదురు. కరెంటు లేదని, నీళ్ళు లేవని యందరును చెప్పుకొనిరి. కాని "మా వీధి చెట్టు పోయినది" అని కన్నీరు పెట్టుకొన్నవారును కలరు. ఆ చెట్టు ఉన్నన్నాళ్ళు దాని పేరైనను ఎరుగనివారే అట్లు దుఃఖించిరి.

పిమ్మట జరిగినదానిని చూడుడు. విఱిగిన మ్రోళ్ళు కొన్ని తామే చిగిర్చెను. ప్రభుత్వమువారును, పాఠశాలలును, ఇంటింటివారును మరల మొక్కలు నాటిరి. ఈ నాటుటలో నేర్వదగిన సంగతు లున్నవి. తల పెద్దదై వేరు పైపైనే యున్న చెట్టు గాలికి ముందు పడును. మొదలువరకు సిమెంటు కప్పినచో వేరు ప్రక్కలకు పోజాలదు; అట్టి చెట్టునకు నేలమీద పట్టు లేదు. కావున వీధిచెట్టు చుట్టును కొంత నేల విడువవలెను. తుపానుల మాసములైన అక్టోబరు, నవంబరులకు ముందే బరువుకొమ్మలను కత్తిరింపవలెను. మేడమీది కుండీలను ఆ దినములలో క్రిందికి దింపవలెను. గాలికి ఎగిరిన కుండీ ఫిరంగిగుండుతో సమానము. మరల తుపాను రాదా యని యడిగినచో, వచ్చును. వచ్చునని తెలిసియే మన తీరమువారు కొబ్బరిమొక్క నాటుచున్నారు.

ఇక నీటిమాట. మన నగరమునకు సంవత్సరమునకు సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురియుచున్నను, వేసవిలో బిందెలు బారులుతీరును. ఈ చిక్కును ఇచ్చటి పూర్వు లెట్లు విడిపించుకొనిరో చూడవలెనన్న భీమునిపట్టణపు దారిలో తొట్లకొండ నెక్కవలెను. రెండువేల యేండ్లకు పూర్వము అచ్చట బౌద్ధభిక్షువుల విహార ముండెను. కొండమీద ఊట లేదు. వారు రాతిలో తొట్లు తొలిచి వాననీటిని నిలువ చేసికొనిరి. కొండపేరు ఆ తొట్లవలననే వచ్చినది. ప్రక్కనున్న బావికొండ పేరును ఇట్టిదే. 1988 మొదలు కొన్నియేండ్లు త్రవ్వకములు జరిపి స్తూపముల, విహారముల పునాదులను వెలికి తీసిరి. పునాదులు చూచి తిరిగివచ్చువారు పెక్కురు. తొట్టి యంచున కూర్చుండి, క్రింద సముద్రమును చూచుచు, ఇంత యుప్పునీటి యెదుట మంచినీటికై రాయి తొలిచినవారిని తలచుకొనుటకు మరియొక పావుగంట పట్టును. ఆ పావుగంట లేని ప్రయాణము వ్యర్థమని నాకు తోచును.

అదే దారిలో మరికొంతదూరము పోయినచో ఎఱ్ఱమట్టిదిబ్బలు. ఇవి మట్టికొండలు కావు. గాలి తెచ్చిపోసిన యిసుకమేటలు. వేలకొలది సంవత్సరముల క్రిందట, మంచుయుగమున సముద్రమట్టము నూరు మీటర్లకంటె నెక్కువ తగ్గినప్పుడు, నీరు తొలగిన విశాలమైన యిసుకనేలమీదుగా గాలి ఇసుకను మోసికొనివచ్చి ఇచ్చట కుప్పలు పోసెను. ఇసుకలోని యినుము త్రుప్పుపట్టి ప్రతి రేణువునకును ఎఱ్ఱని పూత నిచ్చెను. వానలు వానిని కోసి లోతైన గండ్లు చేసెను. ఉష్ణమండలమున ఇట్టి దిబ్బలు మిక్కిలి యరుదు. మన దేశమున తమిళనాడులో వీనికి సోదరులు కలవు. 2014లో భూగర్భశాస్త్రశాఖవారు వీనిని జాతీయ భౌగోళిక వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఉక్కునగరవాసులకు ఇచ్చట ప్రత్యేకముగా నవ్వు రావలెను: కొలిమిలో మనము ఏ తుప్పునుండి ఇనుమును విడదీయుచున్నామో, ఆ తుప్పుతోనే ప్రకృతి యిచ్చట చిత్తరువు వేసినది. కాని ఈ దిబ్బలు గట్టిరాయి కావు. అంచులమీద ఎక్కి జారినచో వేలయేండ్ల పని చెప్పుక్రింద రాలిపోవును. గండిలో నడువుడు, అంచున నడువకుడు. ఒక సీసాలో మట్టి తెచ్చుకొనుట సరదా యని తోచవచ్చును. దానికి బదులు రంగుపెట్టె తీసికొనిపోయి, ఆ యెఱుపును కాగితముమీద పట్టుకొన యత్నింపుడు. ఒక్క యెఱుపు కాదు, అయిదారున్నవి.

సముద్రతీరము మనకు నిత్యము దొరకు విహారస్థలము. అందు స్నానము మాత్రము వలదు. మన తీరమున అల వెనుకకు లాగు బలము పెద్దవారికిని అంచనాకు రాదు. ప్రతి సంవత్సరము ఎవరో తల్లి కడుపుకోతకు గురియగుచునే యున్నది. ఒడ్డున నడచువారికి జనవరినుండి మార్చివరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కాలము. రాత్రివేళ తల్లితాబేలు ఇసుకమీదికి వచ్చి, గొయ్యి త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, వెనుదిరిగి చూడక పోవును. కుక్కలు త్రవ్వి తినకుండ అటవీశాఖవారు ఆ గ్రుడ్లను సేకరించి, కంచెవేసిన చోట తిరిగి పూడ్చుచున్నారు. నెలన్నరనుండి రెండునెలలలో పిల్లలు బయటికి వచ్చును. వానిని నీటిలోనికి విడుచునపుడు, అచ్చటివారి యనుమతితో దూరమునుండి చూడవచ్చును. అరచేతిలో పట్టు ఆ పిల్లలు వెలుగువైపునకు పోవును. మనుష్యులు లేని తీరమున రాత్రివేళ వెలుగు సముద్రముమీదనే యుండును. మన తీరమున వీధిదీపములవైపు పోయి దారితప్పును. కావున ఆ వేళ చూడబోవువారు టార్చిలైటును ఇంటనే విడిచి పోవలెను. ఫోను వెలుగును ఆర్పి, పిల్లలను చేయిపట్టుకొని, తడియిసుకకు ఇవతలనే నిలువవలెను.